పొగాకు పద్దులో చేరని ఖర్చు

కోస్తాంధ్రలో పండిన మెట్టపంటలలో పొగాకుకు రాసిపెట్టినంత నిశితమైన లెక్క మరే పంటకూ రాసిపెట్టలేదనడం అతిశయోక్తి కాదు. ఏ రైతు ఎంత విస్తీర్ణంలో నాటాడు, ఎన్ని పౌన్ల ఆకు ఆరబెట్టాడు, అది ఏ గిడ్డంగికి చేరింది, అక్కడినుంచి ఏ అనుమతి పత్రం మీద బయటికి వెళ్లింది, దానిపై ఖజానాకు ఎంత పన్ను జమయింది అన్న వివరాలన్నీ 1943 నుంచి ప్రభుత్వ దస్తరాలకు ఎక్కుతూ వచ్చాయి. అదే ఆకును చుట్టగానో బీడీగానో సిగరెట్టుగానో కాల్చినవారి జబ్బులకు అయిన వైద్యం ఖర్చెంత, మంచం పట్టిన నెలల్లో పోయిన కూలి ఎంత, సంపాదించే మనిషి అకాలంగా చనిపోతే ఆ ఇల్లు నష్టపోయినదెంత అన్న ప్రశ్నలకు మాత్రం దేశం మొత్తానికి వర్తించే జవాబు 1999 దాకా వెలువడలేదు. ఈ రెండు లెక్కల మధ్య గడిచిన యాభై ఆరేళ్లను పరిశీలిస్తే, పొగాకు దేశానికి లాభం తెచ్చే పంట అన్న మాట ఎవరి ఖర్చును పక్కన పెట్టడం వల్ల నిలబడిందో తెలుస్తుంది.

పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు నావికుల వెంట 16వ శతాబ్దిలో పశ్చిమ తీరానికి చేరి, అక్కడినుంచి దక్కన్ సుల్తానుల రాజ్యాలలోకి వ్యాపించింది. బీజాపూరు నుంచి అసద్ బేగ్ అనే ఉద్యోగి 1604 ప్రాంతంలో అక్బరు దర్బారుకు దానిని తీసుకెళ్లినప్పుడు, గుణం తెలియని వస్తువును చక్రవర్తి వాడకూడదని ఆస్థాన వైద్యులు అభ్యంతరం చెప్పారు. జహంగీరు 1617లో పొగ తాగడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు గాని అది అమలులో నిలవలేదు. ఆరోగ్యం పేరిట వచ్చిన అభ్యంతరం పొగాకు అంత పాతదేనన్న సంగతి గుర్తుంచుకోవలసినదే, ఎందుకంటే ఆ తరువాతి మూడు శతాబ్దాలలో పాలకులు పొగాకును ప్రధానంగా రాబడి దృష్టితోనే చూశారు. ఈస్టిండియా కంపెనీ 19వ శతాబ్ది ప్రథమార్ధంలో మలబారు, కెనరా జిల్లాలలో పొగాకు వ్యాపారాన్ని తన గుత్తసొత్తుగా, అంటే ఇతరులెవరూ అమ్మడానికి వీల్లేని హక్కుగా, నడుపుకొన్నది.

తెలుగు తీరంలో ఈ పంటకు సహజమైన నెలవు గోదావరి లంకలు. నదీపాయల నడుమ ఉన్న దిబ్బనేలలను లంకలంటారు. వరద తీసిన తరువాత మిగిలే కొత్త ఒండ్రు మీద నాటిన పొగాకు ఘాటుగా, మందంగా వస్తుంది, చుట్టకు అదే కావాలి. లంక పొగాకుతో చేసిన చుట్టలు కాకినాడ పేరు మీద దూరదేశాలకు కూడా వెళ్లాయి. ఇంటి అరుగు మీద పెద్దల చేతిలో, పొలంగట్టు మీద కూలీల చేతిలో, ఇంగ్లీషు చదువుకున్న కుర్రకారు చేతిలో కూడా చుట్ట ఎంత మామూలైపోయిందో చెప్పడానికి గురజాడ ‘కన్యాశుల్కం’ ఒక్కటే చాలు: గిరీశం దగ్గర తాను నేర్చుకున్నది చుట్ట కాల్చడమేనని శిష్యుడు వెంకటేశం వాపోయే సన్నివేశం ఆనాటి ప్రేక్షకులను నవ్వించగలిగిందంటే, అలవాటు అప్పటికే అన్ని ఇళ్లకూ ఎరుకైనదని అర్థం.

చుట్ట పొగాకు స్థానిక వ్యవహారం. ఆ పంటను ప్రపంచ వ్యాపారంలోకి లాక్కొచ్చినది వర్జీనియా రకం. కలకత్తాలో 1910లో ఇంపీరియల్ టుబాకో కంపెనీ ఏర్పడింది. సిగరెట్టుకు పనికివచ్చే ఆకును దేశంలోనే పండించే పనికి 1912లో ఇండియన్ లీఫ్ టుబాకో డెవలప్‌మెంట్ కంపెనీ వెలిసింది, గుంటూరు ప్రాంతపు రైతు నోట ఇది ‘ఐఎల్‌టీడీ’గానే మిగిలింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1919 నుంచి, తన సామ్రాజ్యంలో పండిన పొగాకుకు బ్రిటన్ దిగుమతి సుంకంలో రాయితీ ఇవ్వడంతో అమెరికా ఆకుతో పోటీపడే వీలు గుంటూరు నల్లరేగడికి దొరికింది. 1920లలో మొదలైన ఈ సాగు ఒక తరం గడిచేసరికి గుంటూరు జిల్లా ఆర్థిక స్వరూపాన్నే మార్చివేసింది. చీరాల, గుంటూరు పట్టణాలలో ఆకును రంగు, మందం, మచ్చలను బట్టి ఏరి వేరుచేసే గ్రేడింగు పనికి వేలాది స్త్రీలు సీజను కూలీలుగా చేరారు.

వర్జీనియా ఆకును ఎండలో కాక బ్యారన్‌లో ఆరబెడతారు. బ్యారన్ అంటే కిటికీలు లేని ఎత్తయిన గది. కోసి తెచ్చిన పచ్చాకును కర్రలకు అల్లి, లోపల అంచెలంచెలుగా వేలాడదీసి, బయటి పొయ్యిలో మంట పెడితే, ఆ వేడి గది నేలమీద అమర్చిన లోహపు గొట్టాల గుండా తిరుగుతుంది. పొగ ఆకుకు తగలదు, వేడి మాత్రమే తగులుతుంది. మొదట తక్కువ వేడిమీద ఆకు పసుపు రంగు తిరుగుతుంది, ఆ తరువాత ఆకు ఎండుతుంది, చివరికి మధ్యనున్న లావుపాటి ఈనె ఎండుతుంది. ఐదారు రోజులపాటు రాత్రింబవళ్లు మంటను కనిపెట్టుకొని ఉండాలి, వేడి కాస్త మీరినా రంగు చెడి ధర పడిపోతుంది. కిలో ఆకు ఆరడానికి నాలుగైదు కిలోల కట్టె కావాలన్నది ఈ సాగులో వాడుకలో ఉన్న అంచనా. బొగ్గు సరఫరా తగ్గినకొద్దీ ఆ కట్టె చుట్టుపక్కల అడవుల నుంచి, తోపుల నుంచి వచ్చింది. పచ్చాకు జిగురు చేతులకు పట్టిన కూలీలకు తల తిరగడం, వాంతులు కావడం కద్దు. ఆకు తడిలోని నికోటిన్ చర్మం గుండా ఒంటికి ఎక్కడం వల్ల కలిగే బాధ ఇది. నరికిన చెట్టుకు గాని, వాంతులతో పనిమానిన రోజుకు గాని ఏ కంపెనీ చిట్టాలోనూ ఒక వరుస కేటాయించలేదు.

రెండో ప్రపంచయుద్ధపు ఖర్చులకు డబ్బు వెతుక్కుంటున్న వలస ప్రభుత్వం 1943లో పొగాకు ఎక్సైజ్ సుంకం చట్టం చేసింది. ఎక్సైజ్ అంటే దేశంలోపల తయారైన సరుకుపై వేసే పన్ను. సాధారణంగా అది కర్మాగారం గుమ్మం దగ్గర వసూలవుతుంది గాని, ఇక్కడ ప్రభుత్వం పొలందాకా వెళ్లవలసి వచ్చింది, ఎందుకంటే పండిన ఆకులో పెద్దభాగం ఏ కర్మాగారానికీ చేరకుండా ఊళ్లలోనే చుట్టలుగా, బీడీలుగా, నశ్యంగా, నమిలే పొగాకుగా మారిపోయేది. అందువల్ల సాగుచేసే రైతు ప్రకటన ఇవ్వాలి, ఆకు ఆరబెట్టేవాడు లైసెన్సు తీసుకోవాలి, వ్యాపారి పన్ను కట్టేదాకా సరుకును ప్రభుత్వ తాళం ఉన్న బాండు గిడ్డంగిలో ఉంచాలి, బండి కదలాలంటే పర్మిట్టు ఉండాలి. సిగరెట్టుకు వెళ్లే బ్యారన్ ఆకుకు ఒక రేటు, బీడీకి ఒకటి, చుట్టకూ హుక్కాకూ మరొకటి. పల్లెటూరి ఆర్థిక వ్యవస్థలోకి కేంద్రప్రభుత్వపు లెక్క ఇంత లోతుగా దిగిన సందర్భాలు అరుదు. స్వాతంత్ర్యం తరువాత కూడా ఆ యంత్రాంగం కొనసాగి, ఆకు మీది సుంకం 1979లో రద్దయింది. అప్పటినుంచి పన్ను భారం తయారైన సరుకు మీదికి, అందులోనూ ప్రధానంగా సిగరెట్టు మీదికి మారింది. ఆ మార్పుతో, సొంతంగా ఆకు కొనుక్కొని ఇంట్లో చుట్టుకునే చుట్ట పన్ను పరిధి నుంచి దాదాపు పూర్తిగా తప్పుకున్నది. అది లెక్క నుంచి కూడా తప్పుకున్నదన్నమాట, ఎందుకంటే మన దేశంలో పొగాకును లెక్కపెట్టిన చేయి పన్ను వసూలు చేసే చేయి ఒక్కటే.

రెండో లెక్క మొదలైన చోటు విశాఖపట్నం. కింగ్ జార్జ్ ఆసుపత్రి, ఆంధ్ర వైద్య కళాశాల వెలసిన కొద్ది సంవత్సరాలకే అక్కడి వైద్యులకు ఒక విశేషం కనబడసాగింది: ఇతర ప్రాంతాలలో అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్, అంటే నోటి పైకప్పులో గట్టి ఎముక ఉన్న భాగానికి వచ్చే పుండు, ఇక్కడ తరచుగా వస్తున్నది, అందులోనూ స్త్రీలకు వస్తున్నది. ఎం.జి. కిని, కె.వి. సుబ్బారావు 1937లో ‘ఇండియన్ మెడికల్ గెజెట్’లో ప్రచురించిన పత్రంలో దీనికీ ఆ ప్రాంతంలో చుట్ట కాల్చే విధానానికీ ఉన్న సంబంధాన్ని ఎత్తిచూపారు. లండన్ ఆసుపత్రులలో రోగులను ప్రశ్నించి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సిగరెట్టుకూ ఉన్న లంకెను డాల్, హిల్ నిరూపించిన ప్రసిద్ధ అధ్యయనం 1950 నాటిది. దానికి 13 ఏళ్ల ముందే, పొగకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని తమ ఎదుట కూర్చున్న రోగి నోట్లో చూసి చెప్పిన తెలుగునాటి వైద్యులకు ప్రజారోగ్య చరిత్రలో దక్కవలసినంత స్థానం దక్కలేదు.

ఉత్తరాంధ్రలో ఆ విధానాన్ని అడ్డపొగ అంటారు, అడ్డచుట్ట అని కూడా అంటారు. చుట్టను ముందు మామూలుగా ముట్టించి, రెండు మూడు దమ్ములు లాగి, నిప్పు బాగా అంటుకున్నాక ఆ కొసను నోట్లోకి తిప్పి పెదవులు మూస్తారు. బయట ఉన్న చల్లని కొస గుండా గాలి లోపలికి వస్తుంది; పొగా వేడీ నేరుగా అంగిలికి తగులుతాయి. పెదవుల తడి వల్ల చుట్ట మెల్లగా కాలుతుంది, మామూలుగా కాల్చిన దానికన్నా చాలాసేపు వస్తుంది. బూడిదను కొంత ఉమ్ముతారు, కొంత మింగుతారు. ఇలా కాల్చే అలవాటు సార్డీనియా ద్వీపంలో, కొలంబియా, పనామా, ఫిలిప్పీన్స్ వంటి దేశాలలో కూడా కొన్ని సమూహాలలో ఉన్నదే గాని, ఊళ్లకు ఊళ్లుగా స్త్రీలలో వ్యాపించిన చోటుగా వైద్య గ్రంథాలకు ఎక్కినది శ్రీకాకుళం, విశాఖపట్నం తీరమే. తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు నేర్చుకున్న అలవాటు ఇది. సముద్రపు గాలికి నిప్పు ఆరదని, వానలోనూ చుట్ట నిలుస్తుందని, నాట్లు వేసేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు రెండు చేతులూ పనికి దొరుకుతాయని, ఒళ్లో బిడ్డమీద నిప్పురవ్వ పడదని కాల్చేవారు చెప్పే కారణాలు. ఈ కారణాలన్నీ పనిపాటలు చేసుకునే పేదింటి స్త్రీ దినచర్య నుంచి పుట్టినవే. ఒక్క చుట్టతో ఎక్కువసేపు గడపడం పొదుపు కూడా. అలవాటును మూఢత్వంగా కొట్టిపారేసినవారు ఈ పొదుపును చూడలేదు, ఆ పొదుపుకు ఆమె తరువాత చెల్లించిన ధరనూ చూడలేదు.

బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి పాథాలజిస్టు వి.ఆర్. ఖనోల్కర్ 1945లో ఆచారాలకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని చర్చించారు, డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లో, మండే కొసను నోట్లో పెట్టుకొని చుట్ట కాల్చడం వల్ల కోస్తాంధ్రలో వచ్చే అంగిలి క్యాన్సర్‌పై ప్రత్యేకంగా పత్రం రాశారు. అప్పటిదాకా జరిగినది ఆసుపత్రికి వచ్చినవారి పరిశీలన. ఊళ్లోకి వెళ్లి, జబ్బున్నవారినీ లేనివారినీ ఒకే వరుసలో చూసిన పని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంత పరిశోధక బృందానిది. ఫాలీ మెహతా, డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ పిండ్‌బోర్గ్ తదితరులు శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్లను పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. అందులో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారే. అంగిలి మీద తెల్లబారిన మందపాటి మచ్చలు, పొగ తగిలి ఉబ్బిన గ్రంథుల నోళ్లు, ఎర్రబడిన పొర, పుండ్లు ఎవరికి ఎంత ఉన్నాయో వారు నమోదు చేశారు. క్యాన్సర్‌కు ముందు దశగా వచ్చే ఈ తెల్లమచ్చను వైద్యులు ల్యూకోప్లేకియా అంటారు. అందరికీ అది క్యాన్సర్‌గా మారదు గాని, మారే ముప్పు ఉన్న నోటిని ముందుగా గుర్తించడానికి అదే ఆనవాలు.

ఆ బృందం పరీక్షలతో ఆగలేదు. 1970ల చివర్లో శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాలలో ఒక్కొక్కచోట సుమారు 12,000 చొప్పున, మొత్తం 36,000 మంది పొగాకు వాడేవారిని ఎంచుకొని, ఏటా నోరు పరీక్షిస్తూ, అలవాటు మానమని మనిషికి మనిషి ఎదురుగా కూర్చొని చెబుతూ, సినిమాలు, గోడపత్రికలు, రేడియో ద్వారా కూడా ప్రచారం చేశారు. అటువంటి బోధన లేకుండా అంతకుముందు పరిశీలించిన జనంతో పోల్చి చూసి 1986లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మానినవారూ తగ్గించినవారూ బోధన అందిన వర్గంలోనే ఎక్కువ. చదువు అంతగా లేని, తరాల అలవాటున్న పల్లెజనం చెప్పినా వినరన్న అపోహకు ఇంతకన్నా స్పష్టమైన సమాధానం అక్కర్లేదు. ఖరీదైన యంత్రం గాని మందు గాని ఇందులో లేదు. నోరు చూడడం తెలిసిన వైద్యుడు, ఓపికగా మాట్లాడే కార్యకర్త, ఏటా మళ్లీ రావడం, అంతే. అయినా ఆ పద్ధతి పరిశోధన పత్రంగానే మిగిలిపోయింది, జిల్లా ఆరోగ్యశాఖల నిత్య కార్యక్రమంగా మారలేదు.

ఈ మధ్యకాలంలోనే పార్లమెంటు 1975లో పొగాకుపై రెండు చట్టాలు చేసింది. మొదటిది పొగాకు బోర్డు చట్టం. దాని ప్రకారం 1976 జనవరి 1 నుంచి గుంటూరు కేంద్రంగా పనిచేయసాగిన బోర్డు పని, వర్జీనియా సాగును క్రమబద్ధం చేసి ఎగుమతులను పెంచడం. రెండోది సిగరెట్ల చట్టం. పెట్టె మీద ఆరోగ్య హెచ్చరిక ముద్రించాలన్నది దాని సారం. పెంచవలసిన సరుకుగానూ హెచ్చరించవలసిన సరుకుగానూ పొగాకు ఒకే ఏడాది చట్టపుస్తకానికి ఎక్కినా, మొదటి చట్టానికి కార్యాలయం, సిబ్బంది, వేలం కేంద్రాలు దక్కాయి, రెండోదానికి పెట్టె మీద ఒక వాక్యం దక్కింది. ఆ వాక్యమైనా సిగరెట్టుకే పరిమితం. దేశంలో ఎక్కువమంది కాల్చే బీడీకీ, శ్రీకాకుళం స్త్రీ నోట్లోని చుట్టకూ అది వర్తించలేదు. అన్ని పొగాకు ఉత్పత్తులనూ కలుపుకొన్న సమగ్ర చట్టం 2003లో వచ్చింది. బహిరంగ స్థలాలలో పొగ తాగడంపై కొత్త నిబంధనలు 2008 అక్టోబరు 2న, బొమ్మల హెచ్చరికలు 2009లో అమలయ్యాయి.

జబ్బును డబ్బులో లెక్కగట్టడం ఎలా అన్న ప్రశ్నకు ఇక్కడ కొంత వివరణ అవసరం. వైద్య ఆర్థికశాస్త్రంలో ఖర్చు రెండు రకాలు. ఆసుపత్రి, మందులు, పరీక్షలు, ప్రయాణం, తోడు వచ్చినవారి తిండి, బస ప్రత్యక్ష వ్యయం. రోగి పనికి పోలేని రోజుల సంపాదన, అతనికి కాపలా ఉన్నవారు పోగొట్టుకున్న కూలి, అకాల మరణంతో ఆగిపోయిన సంవత్సరాల రాబడి పరోక్ష వ్యయం. అయితే గుండెజబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్ పొగ తాగనివారికి కూడా వస్తాయి గనుక, మొత్తం జబ్బుల ఖర్చును పొగాకు నెత్తిన పెట్టడం న్యాయం కాదు. జనాభాలో వాడేవారు ఎంతమంది, వాడనివారితో పోలిస్తే వారికి ముప్పు ఎన్ని రెట్లు అన్న రెండు అంకెల నుంచి, పొగాకే లేకపోతే తప్పిపోయి ఉండే జబ్బుల వాటాను గణిస్తారు; ఆపాదిత భాగం అంటే అదే. ఆ వాటా ఖర్చునే పొగాకు ఖర్చుగా రాస్తారు.

భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 1999వ సంవత్సరానికి క్యాన్సర్, గుండెజబ్బు, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి అనే మూడింటికే లెక్కగట్టి, పొగాకు వల్ల ఏడాదికి 27,761 కోట్ల రూపాయల భారం పడుతున్నదని తేల్చింది. 2004 సంవత్సరపు గణాంకాలపై ఆర్.ఎం. జాన్ తదితరులు చేసిన మరింత జాగ్రత్తగల అంచనా తక్కువ మొత్తాన్నే చూపినా, అది కూడా ఆ ఏడు పొగాకుపై వచ్చిన మొత్తం పన్ను రాబడికన్నా 16 శాతం ఎక్కువే. 2011కు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ చేయించిన లెక్క 1,04,500 కోట్లు. 2017-18కి వేసిన అంచనా 1,77,341 కోట్లు, అంటే స్థూల దేశీయోత్పత్తిలో ఒక శాతానికి పైగా. పొగాకుపై ఎక్సైజ్ కింద ఖజానాకు వంద రూపాయలు వస్తే సమాజం మీద 816 రూపాయల భారం పడుతున్నదని ఆ అధ్యయనకర్తలు చూపారు. పక్కవారు వదిలిన పొగ పీల్చడం వల్ల వచ్చే జబ్బుల ఖర్చు దీనికి అదనం. పద్ధతులు వేరు గనుక ఈ అంకెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి పెరుగుదలను కొలవడం సరికాదు. అయినా, రాబడి ఖర్చును మించిందని వీటిలో ఏ ఒక్క అధ్యయనమూ చెప్పలేదు, ప్రత్యక్ష వ్యయంకన్నా పోయిన మనుషుల సంపాదనే పెద్ద భాగమన్న సంగతి ఇటీవలి లెక్కలన్నిటిలోనూ కనబడుతుంది.

మొత్తాలకన్నా పంపకం ముఖ్యం. పొగాకు కొనడానికీ, దానివల్ల వచ్చిన జబ్బులకూ పెట్టిన ఖర్చును ఇంటి బడ్జెట్టు నుంచి తీసివేసి చూస్తే, 2004-05లో అదనంగా కోటిన్నర మంది దారిద్ర్యరేఖ కిందికి జారినట్లు మరొక పరిశోధన లెక్కగట్టింది. బీడీల విషయంలో ఈ అన్యాయం మరీ స్పష్టం. 2017లో బీడీ తాగడం వల్ల దేశానికి కలిగిన ఆర్థిక నష్టం 80,550 కోట్లని, బీడీలపై వచ్చిన ఎక్సైజ్ రాబడి అందులో అర శాతమేనని తేలింది. బీడీ పేదవాడి వస్తువు గనుక పన్ను తక్కువ ఉండాలన్న వాదన దశాబ్దాలపాటు నడిచింది. ఆ తక్కువ ధర పేదవాడిని ఆ వ్యసనంలోనే నిలిపి ఉంచి, చివరికి ఆసుపత్రి ఖర్చును అతని ఇంటి మీదనే వేసింది.

ఈ వాదనకు వెనుక మరొక బాధ్యత ఉన్నదన్నది నిజం. నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్, మెదక్ ప్రాంతాలలో చాట ఒళ్లో పెట్టుకొని, తడిపిన తునికాకును కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి చుట్టి, దారం కట్టే బీడీ పని లక్షలాది స్త్రీలకు ఇంటిపట్టున దొరికిన జీవనాధారం. వేయి బీడీలకు ఇంతని కూలి. మెడ, నడుము నొప్పులు, తంబాకు దుమ్ముతో వచ్చే దగ్గు ఆ కూలిలో లెక్కకు రావు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం, 1976 నాటి సంక్షేమ నిధి చట్టం, ప్రత్యేక రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవనభృతి ఈ స్త్రీలకు కొంత ఆసరా అయ్యాయి. అయితే పొగాకు పరిశ్రమ ఇచ్చే ఉపాధిని దాని లాభంలో రాసి, ఆ ఉపాధి దెబ్బతీసిన ఒంటిని ఖర్చులో రాయకపోతే అది సగం లెక్కే అవుతుంది.

రైతు పరిస్థితీ స్థిరమైనదేమీ కాదు. వర్జీనియా సాగు గుంటూరు నల్లరేగడి నుంచి ప్రకాశం, నెల్లూరు జిల్లాల తేలిక నేలలకూ, గోదావరి మెట్టకూ విస్తరించింది. ఆంధ్రలో 1985 నుంచి బోర్డు వేలం కేంద్రాలు నడుస్తున్నాయి. పెద్ద కొనుగోలుదారైన సోవియట్ యూనియన్ 1991లో కూలిపోగానే ఆకు గిడ్డంగులలో పేరుకుపోయింది. 2000-01లో ఆంధ్రలో వర్జీనియా పంటకే విరామం ప్రకటించవలసి వచ్చింది. 2015లో ప్రకాశం జిల్లా రైతుల ఆత్మహత్యలు, 2025లో నల్లబర్లీ ఆకు ధర పడిపోతే ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి రావడం ఇటీవలి ఉదంతాలు. బ్యారన్ కట్టడానికి చేసిన అప్పు తీరేదాకా పంట మార్చలేని రైతును చూపి పొగాకు నియంత్రణను వ్యతిరేకించేవారు, ఆ అప్పును తీర్చే మార్గాన్ని మాత్రం ప్రతిపాదించరు. నియంత్రణను కోరేవారిలోనూ రైతును తమ లెక్కలో చేర్చుకున్నవారు తక్కువ, ఇది వారి వాదనలోని పెద్ద లోటు.

ఆదాయం ఎవరికి చేరింది, ఖర్చు ఎవరి మీద పడింది అన్న ప్రశ్నకు రాజ్యాంగ వ్యవస్థలోనే ఒక సమాధానం ఉన్నది. ఎక్సైజ్ కేంద్రం పన్ను; ఆసుపత్రులు రాష్ట్రాల బాధ్యత. కేంద్రం వసూలు చేసినదానిలో రాష్ట్రాలకు వాటా ఉన్నా, ఆ వాటాకూ ఆ రాష్ట్రంలోని పొగాకు జబ్బులకూ ఏ సంబంధమూ లేదు. ప్రభుత్వాసుపత్రి అందించలేని వైద్యం ఖర్చు చిరకాలం రోగి ఇంటిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకాన్ని తొలివిడతగా ప్రారంభించిన మూడు జిల్లాలు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. పేద కుటుంబాలకు క్యాన్సర్ శస్త్రచికిత్సలు, కీమోథెరపీ, రేడియేషన్ వంటి చికిత్సలకు అయ్యే ఖర్చును ప్రభుత్వం భరించే ఏర్పాటు అది. అడ్డపొగ వల్ల అంగిలి పుండు పడిన శ్రీకాకుళపు కూలిమనిషి చికిత్స, కిని, సుబ్బారావుల పత్రం వెలువడిన డెబ్బై ఏళ్లకు, ఈ విధంగా ఒక ప్రభుత్వ పద్దులోకి ఎక్కింది. ఆమె కాల్చిన చుట్ట మీద ప్రభుత్వానికి వచ్చిన పన్ను దాదాపు ఏమీ లేదు. విశాఖపట్నానికి బస్సు చార్జీలు, అక్కడ ఆమె పక్కన కూర్చున్న కూతురు మానుకున్న నాట్ల కూలి, చికిత్స తరువాత మెత్తని తిండికి అయ్యే ఖర్చు మాత్రం ఆ పద్దులో కూడా లేవు. అవి ఇప్పటికీ ఆ ఇంటివారే భరిస్తున్నారు.